ప్రేమ్ నగర్ నుంచి ఫిల్మ్ నగర్ దాకా
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ముందు వరుసలో మా లెక్కల మాస్టారు కూర్చున్నారు. ఆయన ఎదుట నిలబడి మాట్లాడాలంటే ఇప్పటికీ గొంతు తడారిపోతోంది.

కార్యదర్శి ఫోన్ చేసి, "ఒరేయ్, నువ్వు ఫిల్మ్ నగర్ పక్కనే ఉంటావుగా, హీరోల ముచ్చట్లేవైనా చెప్పు" అన్నాడు. హీరోల గురించి నాకంటే మీకే ఎక్కువ తెలుసు. నేను ఒక నిర్మాత గురించి చెబుతాను. ఆయన డాక్టర్ డి. రామానాయుడు గారు. ఆయనతో నాకు పరిచయం లేదు. కృష్ణానగర్‌లో ఉంటూ, ఆయన కట్టిన స్టూడియో గోడల పక్కనుంచి ఏళ్ళ తరబడి వెళ్ళినవాణ్ణి, అంతే.

ఇప్పటి బాపట్ల జిల్లా కారంచేడులో 1936 జూన్ 6న ఒక రైతు ఇంట్లో పుట్టారు. ఆ ఊళ్ళో 'నమ్మిన బంటు' షూటింగ్ జరిగినప్పుడు సినిమా వాళ్ళను మొదటిసారి దగ్గరగా చూశారు. ఆ తర్వాత మద్రాసు వెళ్ళారు. 'అనురాగం' అనే సినిమాలో వాటా పెట్టారు, అది ఆడలేదు. చాలామంది అక్కడితో రైలెక్కి ఇంటికి వచ్చేస్తారు. ఆయన సొంతంగా సురేష్ ప్రొడక్షన్స్ పెట్టి 1964లో 'రాముడు భీముడు' తీశారు. ఎన్.టి. రామారావు గారి తొలి ద్విపాత్రాభినయం అదే. ఎంత ఆడిందో చెప్పక్కర్లేదు. ఆ బ్యానర్ గుర్తులో 'ఎస్', 'పి' అక్షరాల మీద నిలబడే ఇద్దరు పిల్లలు ఆయన కొడుకులేనని మనలో ఎంతమందికి తెలుసు? నాకైతే పెళ్ళయ్యాక తెలిసింది.

అసలు కథ ఆ తర్వాతది. ఆ విజయం తర్వాత తీసిన సినిమాలు కొన్ని ఆడాయి, కొన్ని పోయాయి. పోయినవి గట్టిగానే దెబ్బతీశాయి. 1971 నాటికి పరిస్థితి ఎక్కడికి వచ్చిందంటే, ఇంకొక్క సినిమా తీద్దాం, అదీ పోతే ఊరెళ్ళి వ్యవసాయం చేసుకుందాం అనుకున్నారట. ఆ ఒక్క సినిమాకు చిన్న కథ ఎంచుకుంటే అర్థం చేసుకోవచ్చు. ఆయన కోడూరి కౌసల్యాదేవి గారి నవల తీసుకున్నారు. అక్కినేని, వాణిశ్రీ, ఆత్రేయ మాటలు పాటలు, మహదేవన్ సంగీతం, పెద్ద పెద్ద సెట్లు. చేతిలో ఉన్నదంతా దాని మీదే పెట్టారు. అదే 'ప్రేమ్ నగర్'. సెప్టెంబరు 24న విడుదలైతే, అప్పుడే ఆంధ్రలో భారీ వర్షాలు. వానలో తడుస్తూ జనం వచ్చారు. ఆ తర్వాత తమిళంలో శివాజీ గణేశన్‌తో, హిందీలో రాజేష్ ఖన్నాతో కూడా ఆ కథ వచ్చింది. నేను చూసింది మాత్రం పదేళ్ళ తర్వాత, మన ఊరి టూరింగ్ టాకీస్‌లో, నేల టిక్కెట్టు మీద.

ఇక్కడ నా సంగతి ఒక్క ముక్క చెప్పాలి, లేకపోతే ఈయన గురించి ఎందుకు మాట్లాడుతున్నానో మీకు అర్థం కాదు. కృష్ణానగర్‌లో నేను షూటింగులకు జనరేటర్లు అద్దెకిచ్చేవాణ్ణి. మూడేళ్ళు బాగానే నడిచింది. ఒక ఏడాది నష్టం, మరుసటి ఏడాది ఇంకొంచెం నష్టం. రెండోసారికే షట్టర్ దించేసి ఉద్యోగంలో చేరాను. తప్పు ఎవరిదీ కాదు, ధైర్యం నాకు చాలలేదు. అందుకే రామానాయుడు గారి గురించి "ఆశావాది" అని ఎవరైనా తేలిగ్గా అంటే నాకు నచ్చదు. ఆశ నాకూ ఉండేది. అప్పు తెచ్చిన డబ్బు మళ్ళీ బల్ల మీద పెట్టే చేయి ఆయనది.

భక్తి సంగతీ అంతే. ముహూర్తం, కొబ్బరికాయ, స్క్రిప్టుకు పూజ అంటూ సినిమా వాళ్ళ మీద మనం నవ్వుకుంటాం. నేనూ నవ్వినవాణ్ణే. కానీ పోయిన సినిమా తర్వాత కూడా, తర్వాతి సినిమాకు అదే నమ్మకంతో కొబ్బరికాయ కొట్టడం చిన్న విషయం కాదు. వ్యాపారంలో దిగినవాళ్ళకు తెలుస్తుంది.

దేశభక్తి అంటే ఆయన జెండా సినిమాలు తీశారని కాదు. తెలుగులో గెలిచాం, చాలు అనుకోకుండా తమిళం, హిందీ, కన్నడం, బెంగాలీ, ఒరియా, ఇలా పదికి పైగా భారతీయ భాషల్లో సినిమాలు తీశారు. ఋతుపర్ణ ఘోష్ దర్శకత్వంలో తీసిన 'అసుఖ్' ఉత్తమ బెంగాలీ చిత్రంగా జాతీయ అవార్డు తెచ్చింది. కారంచేడు మనిషి కలకత్తా వాళ్ళ కథ వాళ్ళ భాషలోనే తీయించాడంటే, అంతకంటే దేశం మీద ప్రేమ ఎలా ఉంటుంది? 1999లో బాపట్ల నుంచి లోక్‌సభకు వెళ్ళారు, 2004లో ఓడిపోయారు, మళ్ళీ వచ్చి సినిమాలు తీసుకున్నారు. వ్యక్తిగతంగా అత్యధిక చిత్రాలు నిర్మించినందుకు 2008లో గిన్నిస్ గుర్తింపు వచ్చింది. 2009 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే, 2013లో పద్మభూషణ్. అన్ని సినిమాలూ గొప్పవని నేను అనను. వందకు పైగా తీస్తే కొన్ని అలాంటివీ ఉంటాయి.

పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలుతున్న రోజుల్లో, ఫిల్మ్ నగర్ అంటే బండరాళ్ళ గుట్ట. అక్కడ ఫ్లోర్లు, డబ్బింగ్, ఎడిటింగ్, ల్యాబ్ అన్నీ ఒక్కచోట ఉండేలా స్టూడియో కట్టారు. ఆ గుట్టల మీద ఎన్ని వందల కుటుంబాలకు అన్నం దొరికిందో కృష్ణానగర్‌లో ఏ గది తలుపు కొట్టినా చెబుతారు. లైట్‌మెన్, మేకప్ వాళ్ళు, వంటవాళ్ళు, కొంతకాలం నేను.

2015 ఫిబ్రవరి 18న ఆయన పోయారు. మొన్న ఇక్కడికి బయల్దేరే ముందురోజు ఆ స్టూడియో రోడ్డు మీదుగా వెళ్తున్నాను. గేటు దగ్గర ఫోటోల కవరు పట్టుకుని ఒక కుర్రాడు నిలబడ్డాడు. మన వైపు యాసే. "లోపలికి వెళ్ళాలంటే ఎవరిని అడగాలి అంకుల్?" అన్నాడు. నాకు తెలిసిన సెక్యూరిటీ అతని దగ్గరికి తీసుకెళ్ళాను. టిఫిన్ తిన్నావా అంటే తిన్నానన్నాడు. తినలేదని మొహం చెబుతూనే ఉంది. ఎదురు బండి దగ్గర ఇద్దరం ఇడ్లీ తిన్నాం. ఇది అతని నాలుగో ప్రయత్నమట.

మాస్టారూ, సమయం మించిపోయింది. సెలవు.