పది నిమిషాలతో మొదలు పెడదాం



ఈ సభలో మేము మాట్లాడదలచినది నడక గురించి. మన వాడల్లో షుగరు గోళీలు లేని ఇల్లు అరుదవుతున్నది. దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహ రోగులున్నట్టు 2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. సర్వే చెప్పింది.

డాక్టరు నడవమన్న మరునాడే కొత్త బూట్లు కొని, గంట సేపు గబగబా నడిచి, మూడోనాడు మోకాళ్లు పట్టుకొని కూర్చున్నవారిని జనగామలో చూశాం, మానుకోటలోనూ చూశాం. దాన్ని బద్ధకం అనలేం. పెట్టుకున్న లెక్కే పెద్దది. రోజుకు 10,000 అడుగులని అందరూ అంటారు గదా, ఆ మాట 1965లో జపానులో ఒక కంపెనీ అమ్మిన అడుగుల మీటరు పేరు నుంచి వచ్చింది. అమెరికాలో సగటున 72 ఏళ్ల స్త్రీలను పరిశీలించి 2019లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, 2,700 అడుగులు వేసేవారికంటె 4,400 వేసేవారిలోనే మరణాలు తక్కువ. 7,500 దాటాక అదనపు లాభం కనబడలేదు.

కాబట్టి మొదటి రెండు వారాలు పది నిమిషాలు చాలు. అది అలవాటైతే మరో ఐదు. వారానికి 150 నిమిషాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అక్కడికి చేరడానికి మూడు నెలలు పట్టినా నష్టమేమీ లేదు. లండన్‌లో జరిగిన ఒక పరిశోధనలో అలవాటు కుదరడానికి సగటున 66 రోజులు పట్టింది, కొందరికి 18, మరికొందరికి 254. నడుమ ఒక రోజు తప్పినంత మాత్రాన పని చెడలేదు. "నిన్న పోలే, ఇగ ఎందుకులే" అనే మాటే మనల్ని చెడగొడుతున్నది.

భూపాలపల్లి గనుల్లో షిఫ్టు మారే సోదరులకు తెల్లవారుజామున 5 గంటలనే నియమం నిలువదు. వారు గడియారాన్ని వదిలి అన్నానికి ముడిపెట్టుకోవాలి. ఏ పూట తిన్నా, తిన్నాక పది నిమిషాలు మెల్లగా నడవాలి. రంజాన్‌లో ఇఫ్తార్ అయ్యాక కొంచెం నడిస్తే చాలు, ఉపవాసంతో ఎండలో వద్దు. ఇన్సులిన్ వాడేవారు ముందు డాక్టరును అడగాలి, జేబులో చక్కెర ఉంచుకోవాలి. షుగరున్నవారు ఉత్త కాళ్లతో నడవరాదు. ఛాతీలో నొప్పి వస్తే అక్కడే ఆగి ఆసుపత్రికి పోవాలి.

ఇక ఆడవాళ్ల సంగతి. ఇంటి పనే వ్యాయామం గదా అని మగవాళ్లం తేలికగా అనేస్తాం. పొయ్యి దగ్గర నాలుగు గంటలు నిలబడితే కాళ్లు గుంజుతాయి గాని అది నడక కాదు. డాబా ఉన్నవారు డాబా మీద నడుస్తారు, లేనివారు ఎక్కడికి పోవాలి? ఇద్దరు ముగ్గురు ఆపాలు కలిసి బయలుదేరితే ఒకరికొకరు ధైర్యం. షాదీఖానా ఉన్న చోట, పెళ్లిళ్లు లేని రోజుల్లో, సాయంత్రం ఒక గంట ఆ ఆవరణను వారికి విడిచిపెట్టాలని కమిటీవారికి మా మనవి. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్నది ఈ సభలోనే తేలిస్తే సంతోషిస్తాం.