జబ్బు ఒకరిది, దిగులు ఇద్దరిది
(మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ప్రభుత్వ ఆసుపత్రులలో నర్సుగా పనిచేసి రిటైరయినదాన్ని. ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. బి.పి., షుగరు గురించి మీకు నాకంటే బాగా తెలుసు. అందుచేత మన ఇళ్ళలో పేరెత్తడానికే సంకోచించే రొమ్ము క్యాన్సరు గురించి, అది వచ్చిన ఇంట్లోని భార్యాభర్తల గురించి చెప్పదలిచాను.

మన దేశంలో ఆడవాళ్ళకు వచ్చే క్యాన్సర్లలో ఇదే ఎక్కువ. 2022లో సుమారు 1 లక్షా 92 వేల మందికి కొత్తగా వచ్చిందని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ అంచనా. తొలిదశలో కనిపెడితే చాలామందికి నయమవుతుంది. నొప్పి లేదు గదా అని గడ్డను దాచకండి. ఆయనకు జొన్నరొట్టె ఎవరు చేసిపెడతారని ఆసుపత్రికి పోవడం వాయిదా వేయకండి.

వార్డులో నేను తరచుగా చూసినదొకటి ఉంది. "నా భయం చెప్తే ఆయన తట్టుకోలేడు సిస్టర్" అని ఆమె అంటుంది. "నేను దిగులుపడితే ఆమె కుంగిపోతుంది" అని ఆయన వరండాలో అంటాడు. ఇద్దరూ ప్రేమతోనే దాచుకుంటారు. కాని రొమ్ము తీసేశారు గనుక నా మీద ఇష్టం పోయిందని ఆమె అనుకుంటుంది. నన్ను దగ్గరకు రానివ్వడం లేదని ఆయన అనుకుంటాడు. గడ్డను డాక్టరు తీస్తాడు. ఈ మౌనాన్ని ఎవరు తీస్తారు?

అందుకే దంపతులను కలిపి కూర్చోబెట్టే కౌన్సెలింగ్ వచ్చింది. అది పంచాయితీ కాదు, తప్పెవరిదో తేల్చరు. ఒకరు కాసేపు మాట్లాడితే రెండవవారు అడ్డురాకుండా విని, తమకు అర్థమైనది తిరిగి చెప్పాలి. తర్వాత వంతు మారుతుంది. అమెరికాలో షారన్ మాన్ అనే మనస్తత్వవేత్త బృందం 2005లో ప్రచురించిన పరిశోధనలో దంపతులను బృందాలుగా ఆరు విడతలు ఇలా సమావేశపరిచారు. ఆ స్త్రీలలో కుంగుబాటు తగ్గింది. భర్త ఆసరా తక్కువన్నవారికే మేలు ఎక్కువగా కనిపించింది.

మన తెలుగునాట డాక్టరు రఘురామ్ గారు, ఈ జబ్బును ఎదుర్కొన్న తన తల్లి పేరుమీదే 2007లో హైదరాబాదులో ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషన్ స్థాపించారు. కొడుకు తల్లి పేరుతో బాహాటంగా చెప్పగలిగినప్పుడు భార్యాభర్తలు నాలుగు గోడల మధ్య చెప్పుకోలేరా?

అన్నలారా, మీకు కొన్ని మనవులు. కర్నూలు పెద్దాసుపత్రికి వెళ్ళినా, హైదరాబాదు వెళ్ళినా డాక్టరు గదిలోకి ఆమెతోపాటు మీరూ వెళ్ళండి. అడగవలసినవి కాగితం మీద రాసుకోండి. ఆపరేషను తర్వాత చేయి కదిలించే వ్యాయామాలు డాక్టరు చెప్పినట్లు పక్కనుండి చేయించండి. ఇది అంటురోగం కాదు, కంచం వేరు చేయనక్కరలేదు. మందులకు ఊడిన జుట్టు సాధారణంగా మళ్ళీ వస్తుంది. గాయం చూపమని బలవంతపెట్టకండి. చూపినప్పుడు మొహం తిప్పుకోకండి. ఆమె భయం చెప్పబోతుండగానే "ఏం కాదులే" అనకండి, ఆ మాటతో ఆమె నోరు మూతపడుతుంది. ముందు పూర్తిగా వినండి. మీ భయమూ చెప్పండి.

మీ ఇద్దరివల్లా కాకపోతే, వైద్యం చేసే డాక్టరునే కౌన్సెలరు ఉన్నారా అని అడగండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలిమానస్‌కు 14416 నంబరులో ఫోను చేయవచ్చు. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ క్యాంపులని, ఆడిట్లని ఇంట్లో మాట్లాడుకునే తీరికే లేదన్నాం. ఇప్పుడు తీరిక ఉంది. అది జబ్బు వచ్చేదాకా ఆగనక్కరలేదు.