వేరుసెనగ జన్యుపటము

వాడరేవు ఇసుకనేలలో నీరు నిలువదు. అట్టి నేలలో వేరుసెనగ కొద్ది నీటితోనే పండవలెను. ఆ గుణము నిచ్చు జన్యువులు ఏ క్రోమోజోముపై ఏ చోట నున్నవో వెదకుటకు దారి చూపునదే జన్యుపటము.

దానిని వేయు పద్ధతి యిది. రెండు రకములను సంకరపఱచి, సంతతి మొక్కల జన్యుద్రవ్యములోని గుర్తులను పరిశీలింతురు. దగ్గఱి గుర్తులు తఱచు కలసియే సంతతికి చేరును, దూరపువి విడిపోవును. నూటికొకమారు విడివడు దూరమును ఒక సెంటీమోర్గన్ అందురు. దూరము హెచ్చినకొలది ఈ లెక్క తప్పును. దానిని సరిదిద్దు సూత్రమొకటి 1944లో డి. డి. కోశాంబిగారు ప్రకటించిరి.

ఇక గుర్తుల వరుస. తలక్రిందులైనవానిని విడిచినను, పది గుర్తులను పేర్చుటకు 18,14,400 విధములు కలవు. ఈ శ్రమను తీర్చుటకై 1987లో మ్యాప్‌మేకర్ అను కంప్యూటరు ప్రోగ్రాము వెలువడెను. కోశాంబిగారి సూత్రము అట్టి ప్రోగ్రాములలో నేటికిని పనిచేయుచున్నది.

2009లో పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు టి.ఏ.జి. 24, ఐ.సి.జి.వి. 86031 అను వేరుసెనగ రకముల సంతతినుండి 135 గుర్తుల పటమును ప్రకటించిరి.

అయితే యంత్ర మెఱిగినది అంకెలనే. ఒక మొక్క గుర్తును పొరపాటుగా వ్రాసినచో, లేని విడివాటు కనబడి దూరము పెరుగును. కావున లెక్కకు ముందు వ్రాతను సరిచూడవలెను. కోరిన గుణమునకు చేరువ గుర్తు నిశ్చయముగా దొరికినచో, లేత మొక్క ఆకునుండియే మేలైనదానిని ఏఱవచ్చును. ప్రతి తరమునను ఎండకు నిలుచునో లేదో చూచుటకు కోతవఱకు కాచియుండ నక్కఱలేదు.