బొమ్మరైలు కూత

గోదావరి గట్టున పెరిగినవారికి వంతెనపై రైలు మ్రోత యెట్టిదో చెప్పనక్కరలేదు. 1900లో తెరచిన హేవలాకు వంతెనపై, 56 ఖానాలను దాటుచు రైలు చేసిన ఆ మ్రోత 1997తో ఆగిపోయినది.

మా యింట బల్లపై ఆ వంతెన నమూనా నొకటి కట్టి బొమ్మరైళ్లు నడపుచున్నాము. పాత పద్ధతిలో పట్టాలలోని విద్యుత్తు హెచ్చినకొలది వేగము హెచ్చును. మీట త్రిప్పగనే పట్టాలపై నున్న యింజనులన్నియు కదలును. అది ఊరంతకును వేసిన చాటింపు. ఇటీవల డిజిటల్ పద్ధతికి మారితిమి. ఇందు పట్టాలలో విద్యుత్తు సదా నిండుగా నుండును; ఆజ్ఞలు సంకేతములై అందులోనే ప్రవహించును. ప్రతి యింజనులో నొక డీకోడరు, దానికొక సంఖ్య. తన సంఖ్యకు ఆజ్ఞ వచ్చిననే అది కదలును. ఇది చిరునామా వ్రాసిన యుత్తరము.

డీకోడరుకు చిన్న స్పీకరు తగిలించిన ఇంజను కూయును కూడ. చిక్కు ఇచ్చటనే వచ్చినది. మేము కొన్నదానిలో నున్నది విదేశపు కూత. మన ధ్వనిని ఎక్కించుకొను డీకోడరులును కలవు. కాని ఎక్కించుటకు ధ్వని యేది? 1997లో మేము బడిపిల్లలము. ఇంట టేపురికార్డరు ఉండెను. దానిపై సినిమాపాటలే పట్టుకొంటిమి. రేపును రైలు వచ్చునుగదా యని వంతెనను విడిచితిమి. నేడు ధ్వనియే వృత్తియైన మా కడ ఆ మ్రోత ఒక్క నిమిషమైనను లేదు.

శ్రోతలారా, మీ యిండ్లలోని పాత టేపులను పారవేయకుడు. ఒకమారు విని చూడుడు. పెండ్లిమాటల వెనుకనో, పిల్లల పాట వెనుకనో ఆ వంతెన మ్రోగుచుండవచ్చును. అంతవరకు మా బొమ్మరైలు వంతెనపై మౌనముగనే సాగును.