అరకు కాఫీ – మెట్ట రైతుకు పాఠం



అరకు కాఫీకి మంచి పేరున్నదని మీరు వినే ఉంటారు. 2017లో పారిస్ నగరంలో అరకు పేరుతోనే కాఫీ దుకాణం తెరిచినారు. 2019లో ఈ కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించింది. ఇంత పేరున్న పంటను మన చేలలోనూ వేసుకోరాదా అని కొందరికి తోచవచ్చును. ఈ పూట ఆ సంగతే ముచ్చటించుకుందాము.

మొదట చెప్పవలసినది, మన మెట్టచేలలో కాఫీ నాటవద్దు. అరకులో పండేది అరబికా రకము. సముద్రమట్టానికి 900 మీటర్లు మొదలు 1,100 మీటర్ల ఎత్తున్న కొండవాలులు, చల్లగాలి, చెట్టునీడ, ఏటా 1,000 మిల్లీమీటర్లకు మించిన వాన దానికి అక్కడ అమరినవి. మన అనంతపురం పట్టణం సుమారు 335 మీటర్ల ఎత్తునే ఉంది. వాన సగటున 550 మిల్లీమీటర్లు. అదైనా వేళకు పడుతుందన్న నమ్మకం లేదు. బోరునీళ్లు పోసినా మన వడగాలిని ఆపలేము. కాఫీ కాపుకు రావడానికే 3, 4 ఏళ్లు పడుతుంది. ఆ లోపల మొక్క ఎండిపోతే అప్పు మాత్రం మిగులుతుంది.

అయితే అరకు రైతు పనిచేసే తీరు మనకు పనికివస్తుంది. అక్కడ చాలామంది చిన్నకమతాల గిరిజనులు. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకే మిరియాల తీగ పెంచుతారు. తోటలో ఇంటిల్లిపాదీ పాటుపడతారు. కాఫీ పండ్లన్నీ ఒక్కసారే పండవు. కొమ్మను దూసి పచ్చికాయతో కలిపి కోస్తే పని త్వరగా తెములుతుంది గాని రుచి చెడుతుంది. కాబట్టి మంచి కాఫీ కావాలంటే ఎర్రబడిన పండునే ఏరుతూ, అదే చెట్టు వద్దకు పలుమార్లు తిరిగి రావలెను. కోసిన పండ్లను నీళ్లలో వేస్తే తాలువి, పురుగు తిన్నవి తేలుతాయి. మునిగినవాటికి అదేరోజు తోలు తీసి, జిగురు పోయేదాకా పులియబెట్టి, కడిగి, మన్ను అంటకుండా ఆరబెట్టవలెను. ఒక్కొక్క ఇంటి పంట కొద్దిగానే ఉంటుంది గనుక, పలువురు సంఘంగా చేరి పండ్లు ఒకచోట చేర్చి అమ్ముతారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కూడా వారి కాఫీ కొంటున్నది.

మన చేతిలో ఉన్నది వేరుశనగ. పంట చివర బెట్టకు గురైన కాయలోను, తడి ఆరని కాయలోను ఒక బూజు చేరి అఫ్లాటాక్సిన్ అనే విషం పుట్టిస్తుంది. అటువంటి సరుకును విదేశాలవారు తిప్పి పంపుతారు. కాబట్టి చెట్లు పీకినాక కాయలు పైకుండేట్టు తిరగేసి ఆరబెట్టండి. పగిలినవి, పురుగు పట్టినవి, లేతవి ఏరివేయండి. తేమ నూటికి 8 పాళ్లకు దిగినాకనే గోతాలకెత్తండి. కాయ ఆడిస్తే గింజ గలగలమనవలెను. బూజుకాయలు పశువులకు సైతం పెట్టవద్దు.

ఏరిన సరుకును ఊళ్లో పదిమంది ఒకచోట చేర్చండి. ఒక్క మూట తీసుకుపోయినవారు వ్యాపారి చెప్పిన ధరకే ఇచ్చి రావలసి వస్తుంది. పదిమంది సరుకు ఒక్కటిగా ఉంటే బేరమాడవచ్చును. మన ఇళ్లలో ఈ ఏరే పని ఎక్కువగా ఆడవారిదే. ధర మాట్లాడేటప్పుడు వారినీ పిలవండి. కాయ సంగతి వారికే బాగా తెలుసు.