మైకు ముందున్న అధికారి ఏం మాట్లాడాలి?

ఎర్రగుంట్ల నేల కింద సున్నపురాయి ఉంది కాబట్టే చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వెలిశాయి. ఇలాంటి చోట పెద్ద గని తవ్వాలన్నా, ఫ్యాక్టరీ పెట్టాలన్నా ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలని 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ చెబుతోంది. కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. కలెక్టరో, అదనపు జిల్లా మేజిస్ట్రేటు హోదాకు తగ్గని ప్రతినిధో సభ నడపాలి. మరి సభ నడిపేవారు చర్చలోనూ దిగవచ్చా? తమ అభిప్రాయం మాత్రం చెప్పకూడదనే నేనంటాను. పాసుపుస్తకానికైనా పింఛనుకైనా ఆ ఆఫీసు మెట్లే ఎక్కాల్సిన రైతు, "ఫ్యాక్టరీ వస్తే ఊరు బాగుపడుతుంది" అని కలెక్టరే అన్నాక లేచి కాదనగలడా? పైగా అనుమతి ఇచ్చేది ఆ సభ కాదు. జనం మాట ఉన్నదున్నట్టు పైకి చేర్చడమే దాని పని.

అలాగని నోరు మెదపకుండా కూర్చుంటే కంపెనీ చెప్పిందే వేదమవుతుంది కదా అంటారు. నిజమే, ఆ భయం నాకూ ఉంది. అందుకే అధికారి ప్రశ్నలు వేయాలి. పక్క పొలాల బోర్లకు నీళ్లు తగ్గితే బాధ్యత ఎవరిదో, పేలుళ్లు ఏ వేళ జరుపుతారో, శనగ చేల మీద దుమ్ము పడకుండా ఏం చేస్తారో కంపెనీ చేత అంకెలతో చెప్పించాలి. వెనక వరుసలో కూర్చున్న ఆడవాళ్ల దాకా మైకు పంపించాలి. ఆఖర్న సభ సారాంశాన్ని స్థానిక భాషలో వివరించి, అదే రోజు సంతకం చేయాలని కూడా ఆ నోటిఫికేషన్‌లోనే ఉంది. జనం లేచిపోతుండగా దాన్ని గబగబా చదివేయకుండా, తన మాట తప్పుగా రాశారన్న రైతుకు అక్కడికక్కడే సరిదిద్దించుకునే వ్యవధి ఇవ్వాలి.