ఇరాకు సంస్కరణలు – మన ఇళ్లలో దినారు ఆశలు

(గుడుపల్లెలో జరిగిన ఆర్థిక అవగాహన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఇరాకు గురించి మాట్లాడడానికి గుడుపల్లెలో సభ ఎందుకని కొందరు మిత్రులు నన్ను అడిగారు. ఆ ప్రశ్నకు నా జవాబు ఒక చిన్న సంఘటన. కొన్ని నెలల క్రితం మా బంధువర్గంలోని ఒక చెల్లెమ్మ నా వద్దకు వచ్చి, కొంగుముడి విప్పి నాలుగు నోట్లు నా చేతిలో పెట్టింది. ఒక్కొక్కటి 25,000 ఇరాకీ దినార్ల నోటు. "భాయ్‌సాబ్, బాగ్దాదులో కొత్త ప్రభుత్వం వస్తే ఇవి కోట్లవుతాయంట కదా, ఏ నెలలో అవుతాయో చెప్పండి" అని అడిగింది. పట్టుగూళ్లు అమ్మగా వచ్చిన డబ్బుకు చెవికమ్మలు కుదువపెట్టి తెచ్చినది కలిపి, 40,000 రూపాయలకు వాటిని కొన్నదట. అమ్మినవాడు ఎవరో ఆమెకు సరిగా తెలియదు. తెలిసినవారికి తెలిసినవాడు.

నేను కాగితం మీద లెక్క వేశాను. ఇరాకు కేంద్ర బ్యాంకు అధికారిక ధర ప్రకారం డాలరుకు సుమారు 1,300 దినార్లు. లక్ష దినార్లంటే డెబ్బై ఏడు డాలర్లు. మన రూపాయల్లో సుమారు ఏడు వేలు. అదైనా కాగితం మీది లెక్క మాత్రమే, ఎందుకంటే మన ప్రాంతంలో ఆ నోట్లను తీసుకొని రూపాయలిచ్చే అధీకృత వ్యాపారి నాకు కనిపించలేదు. ఆ మాట చెప్పినప్పుడు ఆమె ఏడవలేదు. "మీరు వార్తలు చూడరు కాబోలు" అన్నది. ఆ మాటే నన్ను ఈ సభకు రప్పించింది. వార్తలు ఆమె చూస్తూనే ఉన్నది. ఆ వార్తలకు అర్థం చెప్పినవాడే మోసగాడు.

సోదరులారా, ఇరాకు దినారు మనకు పరాయిది కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిషు సైన్యం ఇరాకును ఆక్రమించిన నాటి నుంచి అక్కడ చెలామణి అయినది మన భారత రూపాయే. 1932లో దినారును ప్రవేశపెట్టినప్పుడు ఒక దినారును ఒక బ్రిటిషు పౌనుకు సమానంగా, అంటే 13 రూపాయల 5 అణాల 4 పైలకు సమానంగా నిర్ణయించారు. 1980ల చివరి దాకా అధికారిక లెక్కలో ఒక దినారుకు మూడు డాలర్లకు పైగా వచ్చేవి. నేటి వదంతికి పునాది ఈ పాత ధరే. "అప్పుడున్నది మళ్లీ రాదా?" అని అడుగుతారు.

ఎందుకు రాదో తెలియాలంటే అది ఎలా పోయిందో తెలియాలి. 1990 ఆగస్టులో సద్దాం హుసేన్ సైన్యం కువైటును ఆక్రమించింది. ఐక్యరాజ్యసమితి ఆంక్షలు విధించింది. చమురు అమ్ముకునే దారి మూసుకుపోయింది. జీతాలివ్వడానికి ప్రభుత్వం నాసిరకం కాగితం మీద నోట్లు అచ్చువేసింది. 1995 చివరి నాటికి బజారులో ఒక డాలరుకు దాదాపు 3,000 దినార్లు పలికే స్థితి వచ్చింది. ఉపాధ్యాయులు, వైద్యులు ఇంట్లోని పుస్తకాలు, సామాన్లు వీధిలో పెట్టి అమ్ముకున్నారు. 2003లో అమెరికా దండయాత్ర జరిగింది. ఆ సంవత్సరం అక్టోబరు 15 నుంచి 2004 జనవరి 15 వరకు పాత నోట్లకు బదులు కొత్తవి ఇచ్చారు. చెల్లెమ్మ కొంగులో ఉన్నవి ఆ కొత్త దినార్ల వరుసకు చెందినవే. సద్దాం బొమ్మ ఉన్న నోటుకు అదే విలువ గల కొత్త నోటు ఇచ్చారు గాని, 1980ల నాటి విలువను ఎవరూ తిరిగి ఇవ్వలేదు. అంటే ఈ నోటు పతనమైన ధర మీదనే పుట్టింది. పడిపోయినది లేవడానికి ఇది ఆ పాత దినారే కాదు.

ఇక కువైటు ఉదాహరణ. మదనపల్లె, రాయచోటి ప్రాంతాల వారికి దీనిని వివరించనవసరం లేదు. 1990లో కువైటులో పనిచేస్తూ కట్టుబట్టలతో అమ్మాను చేరి, ఎయిర్ ఇండియా విమానాల్లో ఇల్లు చేరినవారు మన జిల్లాల్లో ఎందరో ఉన్నారు. ఆనాడు మొత్తం మీద సుమారు 1,70,000 మంది భారతీయులు అలా తరలివచ్చారు. ఆక్రమణలో విలువ లేకుండా పోయిన కువైటు దినారు 1991లో విముక్తి తర్వాత పూర్వపు విలువతో తిరిగి నిలిచింది. "కువైటుకు జరిగినది ఇరాకుకు జరగదా?" అని దళారులు అడిగేది దీనిని చూపించే. అయితే అక్కడ జరిగినది వేరు. కువైటు ప్రభుత్వానికి విదేశాలలో అపారమైన పెట్టుబడులు ఉన్నాయి, ఆక్రమణదారుల చేతికి అవి చిక్కలేదు. దొంగిలించబడిన నోట్ల వరుసలను రద్దు చేసి, మార్చిలోనే కొత్త నోట్లు ఇచ్చింది. దాని సంపద పూర్తిగా కరిగిపోలేదు, నోట్ల సంఖ్య పెరగలేదు. ఇరాకులో సంపద కరిగింది, నోట్లు కొండలా పెరిగాయి.

ఆ కొండ ఎంతటిదో చూడండి. నేడు చెలామణిలో ఉన్న ఇరాకీ దినార్లు సుమారు నూరు లక్షల కోట్లు. ఒక్కొక్కటి మూడు డాలర్లయితే మొత్తం మూడు వందల లక్షల కోట్ల డాలర్లు కావాలి. ప్రపంచంలోని దేశాలన్నీ కలిసి ఒక ఏడాదిలో ఉత్పత్తి చేసే సరుకులు, సేవల విలువకు అది దాదాపు మూడింతలు. ఇరాకు కేంద్ర బ్యాంకు వద్దనున్న నిల్వలు పదివేల కోట్ల డాలర్ల స్థాయిలో ఉన్నవి. ఈ లెక్క చేయడానికి ఆర్థికశాస్త్రం చదవనక్కరలేదు, ఎనిమిదవ తరగతి గుణకారం చాలు.

ఇప్పుడు వార్తల సంగతికి వద్దాం. ఇరాకులో రాజకీయ సంస్కరణ జరిగిన ప్రతిసారీ ఈ వ్యాపారం ఊపందుకుంటుంది. 2015 ఆగస్టులో కరెంటు లేక, నీరు లేక బస్రా ప్రజలు వీధుల్లోకి వచ్చినప్పుడు ప్రధాని హైదర్ అల్ అబాదీ సంస్కరణలు ప్రకటించారు, ఉపాధ్యక్ష పదవుల రద్దును ప్రతిపాదించారు. "ఇదిగో, దినారు లేస్తున్నది" అన్నారు. 2019 అక్టోబరులో బాగ్దాదు తహ్రీర్ కూడలిలో యువకులు ఉద్యోగాల కోసం, అవినీతి అంతం కోసం నిలబడ్డారు. వందలాది మంది ప్రాణాలర్పించారు. ప్రధాని ఆదిల్ అబ్దుల్ మహ్దీ దిగిపోయారు. కొత్త ఎన్నికల చట్టం వచ్చింది, 2021 అక్టోబరు 10న ముందస్తు ఎన్నికలు జరిగాయి. అప్పుడూ అదే మాట. 2022లో కువైటుకు చెల్లించవలసిన 5,240 కోట్ల డాలర్ల యుద్ధ పరిహారం పూర్తయినప్పుడు అదే మాట. 2025 నవంబరు ఎన్నికలప్పుడూ అదే మాట.

అసలు జరిగినదేమిటి? 2020 డిసెంబరులో, సంస్కరణల పేరుతోనే, ఇరాకు ప్రభుత్వం తన దినారు విలువను తగ్గించింది. డాలరుకు 1,190గా ఉన్న ధర 1,450 అయింది. కరోనా కాలంలో చమురు ధర పడిపోయింది, జీతాలకు డబ్బు లేదు. ప్రభుత్వాదాయంలో నూటికి తొంభై వంతులు చమురు నుంచే వస్తుంది, వచ్చేది డాలర్లలో. జీతాలు, పింఛన్లు ఇచ్చేది దినార్లలో. డాలరుకు ఎక్కువ దినార్లు వస్తేనే బొక్కసానికి ఊరట. దినారు విలువ ఒక్కసారిగా పెరిగితే అదే చమురుకు తక్కువ దినార్లు వచ్చి, జీతాలకు చాలక, ప్రభుత్వమే కూలిపోతుంది. 2023 ఫిబ్రవరిలో ప్రధాని మొహమ్మద్ షియా అల్ సుదానీ ప్రభుత్వం ధరను 1,300కు మార్చింది. అంటే నూటికి పదికి కాస్త పైగా పెరుగుదల. అప్పటికే బజారులో డాలరు అంతకంటే ఎక్కువకు అమ్ముడుపోతున్నది. నలభై వేలిచ్చి ఏడు వేల విలువైన కాగితం కొన్నవారికి ఆ పది శాతం ఏ మూలకు?

మరొక వదంతి "మూడు సున్నాలు తీసేస్తారు" అనేది. ఇరాకు కేంద్ర బ్యాంకు ఈ ఆలోచనను పలుమార్లు ప్రస్తావించిన మాట నిజం. అయితే సున్నాలు తీయడం వేరు, విలువ పెంచడం వేరు. 2005లో టర్కీ ఆరు సున్నాలు తీసింది. పది లక్షల పాత లీరాలిచ్చినవాడికి ఒక కొత్త లీరా దొరికింది, ఆ ఒక్కదానితో కొనగలిగినది మాత్రం అంతే. మన దేశంలో 1957 ఏప్రిల్ 1న అణాలు పోయి నయా పైసలు వచ్చాయి. అరవై నాలుగు పాత పైసల రూపాయి నూరు నయా పైసల రూపాయి అయింది. మన తాతలలో ఆ రోజున ధనవంతుడైనవాడు ఒక్కడైనా ఉన్నాడా?

ఈ వ్యాపారం మన ఊరితో మొదలు కాలేదు. అమెరికాలో అట్లాంటా నగరంలోని ఒక సంస్థ కోట్లాది డాలర్ల విలువైన దినార్లను అమ్మింది. త్వరలో విలువ పెరుగుతుందన్న అబద్ధాన్ని ప్రచారం చేయించిన నేరానికి 2018లో దాని నిర్వాహకులను అక్కడి న్యాయస్థానం దోషులుగా తేల్చింది. కొన్నవారిలో ఇరాకులో పనిచేసి వచ్చిన సైనికులు కూడా ఉన్నారు. చదువుకున్నవారు, చదువుకోనివారు అనే తేడా ఈ ఆశకు లేదు.

అయినా మన సమాజంలో ఇది ఎందుకు తొందరగా పాకుతున్నదో మనల్ని మనం ప్రశ్నించుకోవాలి. 2006 నాటి సచార్ కమిటీ నివేదిక ముస్లింలకు బ్యాంకు రుణాలు ఎంత తక్కువగా అందుతున్నాయో చెప్పింది. ముస్లింలు ఎక్కువగా ఉన్న కొన్ని ప్రాంతాలను బ్యాంకులు అప్పు ఇవ్వదగని ప్రాంతాలుగా గుర్తించిన సంగతీ చెప్పింది. బ్యాంకు తలుపు తెరుచుకోనివాడు తెలిసినవాడి తలుపు తడతాడు. దానికి తోడు వడ్డీకి దూరంగా ఉండాలన్న మన ధర్మబుద్ధి ఉన్నది. దానినే ఎరగా వాడేవారున్నారు. గుడుపల్లెలో ఉదయం రైలెక్కితే బెంగళూరు చేరతాం. అదే బెంగళూరులో 2019 జూన్‌లో ఐ మానిటరీ అడ్వైజరీ మూతపడినప్పుడు హలాల్ లాభమని నమ్మి పొదుపంతా పెట్టిన వేలాది కుటుంబాలు ఫిర్యాదు కాగితాలతో వరుసలు కట్టాయి. "వడ్డీ లేదు" అన్న ఒక్క మాటతో వ్యాపారం ధర్మబద్ధం కాదు. ఏమి కొంటున్నామో, ఎంత విలువో, ఎప్పుడు చేతికి వస్తుందో తెలియని బేరాన్ని మన ఫిఖ్హ్ 'గరర్' అంటుంది. నాణేల మార్పిడి చేతికి చేయిగా, వెంటనే జరగాలని కూడా అంటుంది. ఎన్నడో కోట్లవుతుందన్న ఊహ మీద నోటును ఆరింతల ధరకు కొనడం జూదానికి ఎంత దూరమో పెద్దలే చెప్పాలి.

చట్టం సంగతి కూడా వినండి. 1999 నాటి విదేశీ మారక ద్రవ్య నిర్వహణ చట్టం ప్రకారం రిజర్వు బ్యాంకు అనుమతి పొందిన వ్యాపారి వద్ద తప్ప విదేశీ కరెన్సీ కొనరాదు, అమ్మరాదు. దళారికి ధైర్యం ఇక్కడే. కొన్నవాడు భయపడి పోలీసు స్టేషను మెట్లెక్కడని అతనికి తెలుసు. అందుకే ఈ భయాన్ని పోగొట్టవలసిన బాధ్యత మన సంఘాలది. మోసపోయినవారికి న్యాయవాదిని తోడిచ్చి ఫిర్యాదు చేయించాలి. ఫోనులో, వాట్సాప్‌లో డబ్బు పంపి మోసపోయినవారు వెంటనే 1930 నంబరుకు చెప్పాలి. అక్రమ డిపాజిట్లు, పథకాల గురించి రిజర్వు బ్యాంకు 'సచేత్' పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. మసీదు కమిటీలు, మహిళా పొదుపు సంఘాలు నెలకొక్కసారైనా ఇలాంటి విషయాలకు అరగంట కేటాయించాలి. చౌకగా, గౌరవంగా రుణం దొరికే మార్గాల కోసం ప్రభుత్వాన్ని, బ్యాంకులను నిలదీయాలి. దారి ఉన్నవాడు అడ్డదారి వెతకడు.

మన మండలంలోనే చిగురుగుంట, బిసానత్తం బంగారు గనులున్నాయి. నేల కింద బంగారం ఉన్నా, తవ్వే ఖర్చు రాబడిని మించినప్పుడు గనులు మూతపడడం మన ప్రాంతం కళ్లారా చూసింది. బంగారానికే ఆ గతి పట్టినప్పుడు వెనుక శ్రమ, ఉత్పత్తి, నమ్మకం పెరగనిదే కాగితం విలువ ఎలా పెరుగుతుంది?

చివరగా ఒక్క మాట. చెల్లెమ్మ తెచ్చిన 25,000 దినార్ల నోటును నేను తిప్పి చూశాను. ఒకవైపు గోధుమ పన మోస్తున్న రైతు స్త్రీ. రెండవవైపు హమ్మురాబి శాసనశిల. వానలు లేక పంట పోయిన ఏడాది రైతు తన అప్పుకు ధాన్యం చెల్లించనక్కరలేదని, ఆ ఏటి వడ్డీ లేదని దాదాపు నాలుగు వేల ఏళ్ల క్రితం శాసించిన రాజు అతడు. అప్పుల్లో కూరుకున్న రైతు కోసం న్యాయం చెప్పినవాని బొమ్మ ఉన్న కాగితాన్ని మన రైతు స్త్రీకి కమ్మలు కుదువపెట్టించి అమ్మారు.

తహ్రీర్ కూడలిలో చనిపోయిన యువకులు మన నోట్ల ధర పెంచడానికి చనిపోలేదు. వారు అడిగింది ఉద్యోగం, కరెంటు, నిజాయితీ గల పాలన. వారి పోరాటం గురించిన వార్త వచ్చినప్పుడు మన నోట "దినారు ఎంతకు పెరిగింది?" అన్న ప్రశ్న రాకూడదు. వారికి మేలు జరగాలని దుఆ చేద్దాం. మన పొదుపును మన నేల మీద, మన పిల్లల చదువులో, మన కళ్ల ముందున్న పనిలో పెడదాం.

ఆ చెల్లెమ్మ కమ్మలు ఇంకా కుదువలోనే ఉన్నాయి. మరొక చెల్లెమ్మ కమ్మలు అక్కడికి చేరకుండా చూడడం ఈ సభలో ఉన్న మనందరి పని. సెలవు.